ఐదో రోజు పసుపెక్కిన ఫ్లాస్కు: యాష్‌బియా ప్రాజెక్టు డైరీ

జూన్ 23

ఈ ప్రాజెక్టు సంగతులు ఇవాళ్టి నుంచి రాసి పెడుతున్నాను. ల్యాబ్ నోట్‌బుక్కులో అంకెలు ఉంటాయి గానీ, ఆ అంకె రావడానికి ముందు ఏం తప్పు జరిగిందో ఉండదు. నా తర్వాత ఈ బెంచీ దగ్గర కూర్చునేవాళ్లకు అది తెలియాలి.

మా బూజు పేరు యాష్‌బియా గాసిపీ. పత్తికాయలోకి చేరి దూదికి మరక పట్టించే తెగులు ఇదే. పత్తి గింజల రసం పీల్చే ఎర్రపురుగులు దీన్ని కాయ నుంచి కాయకు మోస్తాయి. 1926లో యాష్‌బీ, నోవెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించారు. పొలంలో నష్టమే గానీ, ఫ్లాస్కులో వేస్తే ఇది బీ2 విటమిన్‌ను, అంటే రైబోఫ్లావిన్‌ను, తన అవసరానికి మించి ఎన్నో రెట్లు తయారు చేస్తుంది. నోటి మూలలు చిట్లితే డాక్టరు రాసే బీ కాంప్లెక్స్ మాత్రలో ఉండే పసుపు అదే. ఆ మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపుగా రావడానికి కారణమూ అదే. 1990లో బీఏఎస్ఎఫ్ కంపెనీ ఈ బూజుతో పరిశ్రమ స్థాయిలో విటమిన్ తయారీ మొదలుపెట్టింది. 2004లో దీని జీనోమ్ (డీఎన్‌ఏ వరస) మొత్తం చదివారు: ఏడు క్రోమోజోములు, దాదాపు 92 లక్షల బేస్ జతలు, సుమారు 4,700 జన్యువులు.

ఆ 4,700లో మాకు కావలసింది ఒక్కటే. దాని పేరు బాస్1. అది స్వయంగా విటమిన్ ఏమీ తయారు చెయ్యదు. మిగతా జన్యువుల దగ్గరికి వెళ్లి వాటిని నడిపించే ప్రొటీన్‌కు అది మూలం. స్పెయిన్‌లో సలమాంకా యూనివర్సిటీ వాళ్లు 2006లో చెప్పింది ఇది: బాస్1 తీసేస్తే బూజుకు బయటి నుంచి ఆడినిన్ (డీఎన్‌ఏ కట్టే సరుకుల్లో ఒకటి) అందించాలి, స్పోర్లు (బూజుకు విత్తనాల్లాంటివి) ఆలస్యంగా మొలుస్తాయి, పెరిగే దశ సాగుతుంది, అయినా రైబోఫ్లావిన్ ఎక్కువ వస్తుంది. పెరగడానికి కష్టపడే బూజు విటమిన్ ఎక్కువ ఎలా ఇస్తుంది? చదివిన రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మా బెంచీ మీద మళ్లీ చేసి, కళ్లారా చూడాలి.

జూలై 5

ముందు మామూలు బూజుతో చెయ్యి తిప్పుకోవాలి అన్నారు మా గైడ్ మేడమ్. మీడియం సులువే: లీటరు నీటికి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10 గ్రాములు, పెప్టోన్ 10, గ్లూకోజ్ 20, ఇనోసిటాల్ 1 గ్రాము. ఇనోసిటాల్ మాత్రం మానకూడదు, ఈ బూజు దాన్ని తనంతట తాను సరిపడా చేసుకోలేదు. 28 డిగ్రీల దగ్గర షేకర్‌లో పెట్టాం.

రెండో రోజు ఫ్లాస్కు మూత దగ్గర ముక్కు పెడితే తియ్యటి పండు వాసన. మూడో రోజుకు రంగు మొదలైంది, నాలుగో రోజుకు పనసతొన రంగు. ఫ్లాస్కులు కడిగే మా అటెండర్ బాబాయ్ చూసి, "ఏటమ్మా, పసుపు కలిపీసినారేటి?" అని అడిగాడు. కలపలేదు బాబాయ్, అదే చేసుకుంటోంది అని చెబితే ఫ్లాస్కు కిటికీ వైపు ఎత్తి చాలాసేపు చూశాడు.

అలా ఎత్తి చూడటం తప్పని ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. రైబోఫ్లావిన్ వెలుతురుకు విరిగిపోతుంది. మరుసటి రోజు నుంచి ప్రతి ఫ్లాస్కుకూ అల్యూమినియం ఫాయిల్ చుట్టాం.

జూలై 19

బయోసేఫ్టీ కమిటీ అనుమతి వచ్చింది. ప్రైమర్లు, అంటే డీఎన్‌ఏలో కావలసిన చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఆర్డర్ పెట్టాం. ఈ బూజులో ఒక సౌకర్యం ఉంది: తీసెయ్యాల్సిన జన్యువు రెండు పక్కలా ఉన్న వరసలోంచి 45 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ప్రైమర్ తోకకు తగిలిస్తే చాలు, మనం పంపిన ముక్క సరిగ్గా అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. బాస్1 ఉన్న చోట జీ418 మందును తట్టుకునే జన్యువు కూర్చోవాలి. అప్పుడు ఆ మందు కలిపిన ప్లేటు మీద అది కూర్చున్న బూజే బతుకుతుంది.

ఆగస్టు 11

ఎలక్ట్రోపొరేషన్, అంటే కరెంటు షాకుతో డీఎన్‌ఏను బూజులోకి పంపడం, మూడోసారికి కుదిరింది. మొదటి రెండుసార్లు ప్లేట్లు ఖాళీ. ఈసారి జీ418 ప్లేటు మీద ఆరు చుక్కలు. హాస్టల్‌కు వెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు జన్యువు అంటే ఏమిటో వివరించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి "అయితే మొలిచిందన్నమాట" అంది. అంతే అమ్మా, మొలిచింది.

ఇవాళ పీసీఆర్ (కావలసిన డీఎన్‌ఏ ముక్క ఉందో లేదో చూసే పరీక్ష) చేస్తే ఆరింటిలో రెండింటిలో మా ముక్క సరైన చోట ఉంది. కానీ అదే రెండింటిలో అసలు బాస్1 బ్యాండ్ కూడా ఉంది! జెల్ మీద రెండు గీతలూ పక్కపక్కన మెరుస్తుంటే గుండె జారింది. డీఎన్‌ఏ కలిసిపోయిందేమోనని మళ్లీ తీసి, మళ్లీ పెట్టాను. అవే రెండు గీతలు.

మేడమ్ జెల్ ఫొటో చూసి కంగారు పడలేదు. "దీని పోగులో ఎన్ని కేంద్రకాలు ఉంటాయి?" అని అడిగారు. అప్పుడు వెలిగింది. యాష్‌బియా పోగు పొడుగాటి గొట్టం లాంటిది, ఒకే జీవపదార్థంలో కేంద్రకాలు వరసగా బోలెడు ఉంటాయి. మేము పంపిన ముక్క వాటిలో ఏదో ఒకదానిలోకి వెళ్లింది. పక్కనున్న కేంద్రకాల్లో బాస్1 చెక్కుచెదరలేదు. మందును తట్టుకునే ప్రొటీన్ ఒక కేంద్రకం పుణ్యాన తయారైతే గొట్టమంతా పంచుకుని బతికేస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక్కరి జీతంతో ఇల్లంతా గడిచినట్టు. కాబట్టి ప్లేటు మీద బతికింది కదా అని బాస్1 పోయినట్టు కాదు. ఈ దశలో ఆగి ప్రయోగం మొదలుపెట్టి ఉంటే ఏ తేడా కనిపించేది కాదు, ఆ జన్యువుకు పనేమీ లేదని రాసేసేదాన్ని.

దారి ఒక్కటే. స్పోర్‌లో కేంద్రకం ఒకటే ఉంటుంది. స్పోర్లు తీసి, ఒక్కో స్పోర్ నుంచి ఒక్కో కాలనీ పెంచాలి.

ఆగస్టు 30

ఈ స్పోర్లు సూదుల్లా ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఉత్త నీటిలో కలిపి మైక్రోస్కోపు కింద పెడితే గడ్డివాము కనిపించింది. ట్రైటన్ అనే సబ్బులాంటి ద్రవం కొద్దిగా కలిపాక విడిపోయాయి. పలచన చేసి జీ418 ప్లేట్ల మీద చల్లి, విడివిడిగా మొలిచిన వాటిని ఎత్తి, మళ్లీ పీసీఆర్.

ఈసారి ఒకే గీత. మాది మాత్రమే.

ఇంకో పరీక్ష కూడా పెట్టాం. ఆడినిన్ లేని మినిమల్ ప్లేటు (కనీస పోషకాలే ఉన్న ప్లేటు) మీద మామూలు బూజు పాకింది, మాది పాకలేదు. పక్క ప్లేటులో ఆడినిన్ కలిపితే మాది కూడా పాకింది, నెమ్మదిగానే. కాగితం మీద చదివిన విషయం ఇలా ప్లేటు మీద కళ్లముందు జరిగితే ఆ తృప్తి వేరు. ప్లేట్లు పారెయ్యబుద్ధి కాలేదు. ఫొటో తీసి, పారాఫిల్మ్ చుట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో దాచాను.

సెప్టెంబర్ 14

మొదటి అసలు ప్రయోగం. మామూలు బూజు మూడు ఫ్లాస్కులు, బాస్1 లేనిది మూడు. ఒకే మీడియం, స్పోర్లు ఒకే లెక్కలో, ఒకే షేకర్. 72 గంటలకు తీశాను. ఆ గడువు నేను పెట్టింది కాదు, మా ల్యాబ్‌లో మిగతా బూజులన్నింటికీ అదే లెక్క, దాన్నే తీసుకున్నాను.

మామూలువి మూడూ నిమ్మపండు రంగులో ఉన్నాయి. మావి మూడూ గంజి నీళ్లలా ఉన్నాయి. ద్రవం ఎంత వెలుగును పీల్చుతుందో కొలిచే స్పెక్ట్రోలో 444 నానోమీటర్ల దగ్గర చూస్తే మావాటిలో విటమిన్ మామూలు వాటిలో సగం కూడా లేదు.

సాయంత్రం ల్యాబ్ మూసి నడుచుకుంటూ బీచ్ రోడ్డు దాకా వెళ్లాను. మొక్కజొన్న కండె కొనుక్కున్నాను గానీ తినబుద్ధి కాలేదు. మూడు నెలల పని. సలమాంకా వాళ్లకు ఎక్కువ వచ్చింది నాకు తక్కువ ఎందుకు వచ్చిందన్నదే బుర్రలో తిరుగుతోంది.

సెప్టెంబర్ 16

మేడమ్‌కు అంకెలు చూపించాను. ఆమె రైబోఫ్లావిన్ కాలమ్ వైపు చూడనే లేదు. "బూజు బరువెంత?" అన్నారు.

తీయలేదు.

"నాట్లు వేసిన నెలకే రెండు పొలాల్లో వడ్లు కొలుస్తావా? ఒకటి స్వల్పకాలిక రకం, ఇంకొకటి దీర్ఘకాలికం అయితే?" అన్నారు. ఆమెది పాలకొండ వైపు, వరి రైతుల కుటుంబం. ఆ ఒక్క మాటతో నా తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. ఈ బూజు పెరుగుతున్నంతసేపు విటమిన్ జోలికి పెద్దగా పోదు. పెరుగుదల నెమ్మదించాకే పసుపు మొదలవుతుంది. బాస్1 లేనిది ఇంకా పెరుగుతూనే ఉంది. నేను దాన్ని మధ్యలో ఆపేసి ఫలితం అడిగాను.

రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, స్పోర్లు ఎంత ఆలస్యంగా మొలుస్తున్నాయో లెక్కపెట్టడం. రెండు, 72 గంటలు కాకుండా ఏడు రోజులూ రోజుకోసారి విటమిన్, బరువు రెండూ కొలవడం.

సెప్టెంబర్ 28

స్పోర్ల లెక్క పూర్తయింది. సాయంత్రం ఆరింటికి వేసి, రాత్రంతా మూడు గంటలకోసారి స్లైడు పెట్టి, ప్రతిసారీ వంద స్పోర్లు లెక్కపెట్టాం. జూనియర్ అమ్మాయి ఒక మైక్రోస్కోపు దగ్గర, నేను ఒకదాని దగ్గర. ఏ స్లైడు ఏ బూజుదో మాకు తెలియకుండా నంబర్లు మాత్రమే రాయించాం, లేకపోతే కళ్లు మనకు కావలసిందే చూస్తాయి.

మామూలు స్పోరు మొలవడం చూడటానికి అందంగా ఉంటుంది. సూది నడుమ ముందు బుడగలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బులోంచి పోగు బయటికి వస్తుంది, కాసేపటికి ఎదురు వైపు నుంచి రెండోది. తెల్లవారి ఆరింటికి, అంటే పన్నెండు గంటలకు, వందలో 81 మొలిచాయి. బాస్1 లేనివాటిలో 19. మిగతావి చచ్చినవి కావు, ఉబ్బి ఆగి ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలకు అవి కూడా 77కు చేరాయి.

"అక్కా, ఇవి బద్ధకంగా లేస్తున్నాయి" అంది జూనియర్. బద్ధకం కాదు, సరుకు లేదు. కొత్త పోగు వెయ్యాలంటే డీఎన్‌ఏ కావాలి, ఆర్‌ఎన్‌ఏ కావాలి, వాటికి ఆడినిన్ లాంటి ప్యూరిన్లు కావాలి. సొంతంగా చేసుకునే దారి దాదాపు మూసుకుపోయింది. మీడియంలోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచి ఆడినిన్ లాక్కుని బండి కదిలించాలి.

అక్టోబర్ 9

బరువుల దగ్గర మళ్లీ చిక్కు. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే సముద్రం పక్కన ఉండే ఏ ల్యాబ్‌కైనా ఇది వస్తుంది.

పద్ధతి మామూలుదే. ముందే తూచిన వడపోత కాగితం మీద బూజును వడకట్టి, నీళ్లతో కడిగి, 70 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంతవరకు ఆరబెట్టి, తూచాలి. ఓవెన్‌లోంచి ఒక కాగితం తీసి బ్యాలెన్స్ మీద పెట్టాను. 0.8412. పెన్ను అందుకునే లోపు 0.8417. రాసేలోపు 0.8423. గాలికి అనుకుని తలుపులు మూశాను. 0.8431. అంకె ఎక్కుతూనే ఉంది, దిగట్లేదు. బ్యాలెన్స్ పాడైందనుకుని తూకపు రాయి పెడితే సరిగ్గా నిలబడింది.

పాడైంది బ్యాలెన్స్ కాదు. ఎండిన బూజు, కాగితం రెండూ గాలిలోని చెమ్మను నా కళ్లముందే తాగుతున్నాయి. ఈ నెలల్లో మన ఊరి గాలి సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ముద్ద కడుతుంది. మొదట తూచిన ఫ్లాస్కుకూ చివర తూచిన ఫ్లాస్కుకూ మధ్య ఉన్న తేడాలో కొంత బూజుది, కొంత బంగాళాఖాతానిది.

డెసికేటర్ (చెమ్మ చేరకుండా ఉంచే మూత పాత్ర) ఉంది కదా అనుకుంటే, అందులో చెమ్మను పీల్చే సిలికా జెల్ ఎప్పుడో గులాబీ రంగుకు తిరిగింది. ఎవరూ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఓవెన్‌లో వేయించి మళ్లీ నీలం రంగు వచ్చాక నింపాను. ఇక నుంచి వరస ఇది: ఓవెన్ నుంచి నేరుగా డెసికేటర్‌లోకి, చల్లారాక ఒక్కొక్కటే బయటికి, బ్యాలెన్స్ మీద పెట్టిన ఇరవయ్యో సెకనుకు కనిపించిన అంకె రాసుకోవడం. అన్నింటికీ అదే ఇరవై సెకన్లు. మూడుసార్లు తూచితే మూడు అంకెలూ ఇప్పుడు దగ్గరదగ్గరగా వస్తున్నాయి.

ఇంకో తప్పు కూడా ఈ వారమే దొరికింది. రైబోఫ్లావిన్ స్టాండర్డ్ ద్రావణం, అంటే ఎంత విటమిన్ ఉందో ముందే తెలిసి, పోల్చుకోవడానికి వాడేది, పారదర్శకమైన సీసాలో కిటికీ పక్కన ఉండేది. వెలుతురుకు అది సగం వెలిసిపోయింది. స్టాండర్డ్ పలచనైతే శాంపిల్‌లో విటమిన్ ఉన్నదానికంటే ఎక్కువున్నట్టు లెక్క వస్తుంది. సెప్టెంబర్ 14 నాటి అంకెలన్నీ కొట్టేశాను. కొత్త ద్రావణం ముదురు రంగు సీసాలో, పైన ఫాయిల్‌తో, ఫ్రిజ్‌లో ఉంది.

అక్టోబర్ 13

తుఫాను హెచ్చరిక. షేకర్ ఆపేశాం, స్పోర్ల స్టాకులు రెండు చోట్ల దాచాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. బాబాయ్ ఇప్పటికీ ఈ నెల వస్తే ఫ్రీజర్ల వైపు ఒకటికి రెండుసార్లు చూస్తాడు. ఈసారి వాన తప్ప ఏమీ కాలేదు.

నవంబర్ 3

ఏడు రోజుల ప్రయోగం ఇవాళ ముగిసింది. ఒక్కో బూజుకు ఇరవై ఒక్క ఫ్లాస్కులు, రోజుకు మూడు చొప్పున తీసి ఆ మూడింటినీ పూర్తిగా వాడేశాం. విటమిన్ కొలతకు వడకట్టిన నీళ్లు ఒక్కటే తీసుకోలేదు, బూజుతో సహా మొత్తం తీసుకున్నాం. ఈ బూజు రైబోఫ్లావిన్‌లో చాలా భాగాన్ని పోగుల లోపల వాక్యూల్‌లనే సంచుల్లో దాచుకుంటుంది, నీళ్లు మాత్రమే కొలిస్తే దాచుకున్నది లెక్కలోకి రాదు.

మొదటి రెండు రోజులు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మూడో రోజు సెప్టెంబర్ 14నాటి దృశ్యమే. ఒక పక్క నిమ్మపండు, ఒక పక్క గంజి. ఈసారి టెన్షన్ పడలేదు, ఎందుకంటే బరువులు చెబుతున్నాయి: మామూలు బూజు బరువు పెరగడం దాదాపు ఆగింది, మాది ఇంకా ఎక్కుతోంది.

నాలుగో రోజు అంచున చిన్న మార్పు. ఫ్లాస్కు గోడకు అంటుకున్న బూజు ఉంగరంలో లేత పసుపు. ఐదో రోజు పొద్దున ఫాయిల్ విప్పితే ఫ్లాస్కంతా పసుపు. జూనియర్ నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం మాట్లాడలేదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపు చీకట్లో యూవీ టార్చి వేసి చూశాం. పసుపు, ఆకుపచ్చ కలిసిన వెలుగు, మిణుగురుల సీసా పట్టుకున్నట్టుంది. బాబాయ్‌ను పిలిచి చూపించాం. ఈసారి పసుపు కలిపారా అని అడగలేదు.

ఇక అంకెలు. మామూలు బూజు ఐదో రోజుకు లీటరుకు 41 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోయింది. బాస్1 లేనిది ఐదో రోజుకు 37, ఆరో రోజుకు 55, ఏడో రోజుకు 63. బరువు లెక్కన చూస్తే తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే ఏడో రోజుకు కూడా దాని బరువు మామూలు దానికంటే కాస్త తక్కువే. అంటే తక్కువ బూజు ఎక్కువ విటమిన్ ఇచ్చింది. ఒక్కసారి చేసిన ప్రయోగం ఇది. ఇంకో రెండుసార్లు చేశాక గానీ నేను గట్టిగా మాట్లాడను.

నవంబర్ 8

ఎందుకు ఇలా? ఇవాళ ల్యాబ్ మీటింగు అంతా దీని మీదే నడిచింది.

రైబోఫ్లావిన్ ఒక అణువు కావాలంటే ఒక జీటీపీ, రెండు రైబ్యులోజ్ ఫాస్ఫేట్‌లు ఖర్చవుతాయి. జీటీపీ ఒక రకం ప్యూరిన్. ప్యూరిన్ దారిలో మొదటి తలుపు ఏడీఈ4 అనే జన్యువు. దాన్ని తెరిచేది బాస్1. మరి తెరిచేవాడు లేకపోతే విటమిన్ తగ్గాలి కదా? నేను జూన్ నుంచి అడుగుతున్నది ఇదే.

బాస్1 చేతిలో ఇంకో తలుపు కూడా ఉంది, ఎస్‌హెచ్‌ఎమ్2. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని సెరిన్‌గా మార్చే ఎంజైముల్లో ఒకటి దాని నుంచి వస్తుంది. గ్లైసిన్ ప్యూరిన్‌కు ముడిసరుకు. ఎస్‌హెచ్‌ఎమ్2 ఒక్కదాన్ని తీసేసినా యాష్‌బియాలో రైబోఫ్లావిన్ పెరుగుతుందని ఇదివరకే తేలింది, గ్లైసిన్ అటు జారిపోకుండా మిగులుతుంది కాబట్టి. బాస్1 పోతే ఏడీఈ4, ఎస్‌హెచ్‌ఎమ్2 రెండూ దాదాపు మూగబోతాయి. ఇంకో విషయం ఇది: మామూలు బూజులో పెరిగే దశ ముగిసి విటమిన్ దశ మొదలయ్యే సమయంలో ఈ జన్యువుల పని తగ్గిపోతుంది. బాస్1 లేనిదానిలో ఆ తగ్గుదల లేదు. ఉన్న కొద్దిపాటి పని చివరిదాకా అలాగే నడుస్తుంది. విటమిన్ కట్టే వేళకు సరుకు ఆగకుండా అందుతుందన్నమాట. మా బూజులో కూడా ఇదే జరుగుతోందని నా నమ్మకం. ఆర్‌ఎన్‌ఏ తీసి కొలిచేదాకా అది నమ్మకమే.

జీటీపీ నుంచి ఫోలిక్ యాసిడ్ కూడా తయారవుతుందని మీటింగులో మాట వచ్చింది. వెంటనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసిన బృందాన్ని నడిపించింది ఆయనే. 1953లో ఒక బూజు ప్రజాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పెట్టారు. మన గోదావరి జిల్లా మనిషి పేరు ఒక బూజుకు ఉందని మా జూనియర్‌కు ఇవాళే తెలిసింది, పేరు నోట్‌బుక్కు అట్ట మీద రాసుకుంది.

నవంబర్ 21

రెండోసారి ఏడు రోజుల ప్రయోగం నడుస్తోంది, ఇవాళ మూడో రోజు. గంజి రంగే.

ఈలోగా కొత్త ప్రైమర్లు వచ్చాయి. బాస్1ను పూర్తిగా తీసెయ్యకుండా దాని తోకను, అంటే చివరి వైపు ఉన్న అదుపు భాగాన్ని, మాత్రమే కత్తిరించడానికి. అలా చేస్తే ప్యూరిన్ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని, విటమిన్ ఇంకా పెరుగుతుందని, పెరిగే దశ కూడా సాగుతుందని సలమాంకా వాళ్లు చూశారు. నాకు ఆసక్తి స్పోర్ల మీద. తోక తెగినవి పన్నెండు గంటలకు ఎన్ని మొలుస్తాయి? సరుకు ఉంటే ఆలస్యం ఉండకూడదు. అప్పుడూ ఆలస్యం ఉంటే, నేను సెప్టెంబర్ 28న రాసిన కారణం తప్పు.

సిలికా జెల్ నీలంగానే ఉంది, పొద్దున చూశాను. ఎల్లుండి ఐదో రోజు. ఆరున్నరకే వచ్చి ఫాయిల్ విప్పాలి, బాబాయ్ తాళం చెవి ఇస్తానన్నాడు.